వాపూ, బలుపూ

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమైన వెంటనే మాట్లాడవలసి రావడం కొంచెం కష్టమే. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో విని కొందరు సంతోషంగాను, కొందరు దిగులుగాను కూర్చుని ఉన్నారు. ఆపైన గుండెజబ్బును గూర్చి వినమనడం న్యాయం కాదు. అయినా ఉగాదినాడు వేపపువ్వు కూడా రుచి చూడవలసినదే గనుక ఓపికతో వింటారని ధైర్యం చేస్తున్నాము.

ఈ విషయం మేము సరదాకు ఎన్నుకున్నది కాదు. మన సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. పేరు చెప్పము, తెలిసినవారికి తెలుసును. మా కంటె పదేండ్లు పెద్ద గనుక మేము అన్నా అని పిలిచేవారము. గుండెపోటు వచ్చి బ్రతికి బయటపడినారు గాని, గుండె బలం బాగా తగ్గిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసము. ఒకనాడు ఎవరో చేతికిచ్చిన కాగితమొకటి తీసుకుని మా ఇంటికి వచ్చినారు. మూలకణాలు ఎక్కిస్తే గుండె కండ మళ్ళీ మొలుస్తుందని అందులో ఉన్నది. ఖర్చు కొన్ని లక్షలు. “ఇంటి స్థలం అమ్మితే సరిపోతుంది. ఏమంటావు తమ్ముడూ?” అని అడిగినారు. మేము వద్దన్నాము. ఆయన మా మాట విన్నారు. ఏడాది తిరగకముందే పోయినారు.

పలకరించడానికి వెళ్ళినప్పుడు వారి అమ్మాయి మమ్ము పక్కకు పిలిచి, “చిన్నాయనా, ఆ సూది వేయించి ఉంటే నాయన బ్రతికేవాడేమో గదా?” అన్నది. నిష్ఠూరంగా అనలేదు, మెల్లగానే అన్నది. ఆ వేళ మా నోట మాట రాలేదు. ఒక్క మాటలో చెప్పదగిన జవాబు కాదది. ఆ అమ్మాయికి మేము బాకీపడిన జవాబే ఈ ప్రసంగము.

మొదట జబ్బు ఎట్లా వస్తుందో చూద్దాము. గుండెపోటు అనగానే మనకు తోచే బొమ్మ ఒకటి ఉన్నది. కాలువలో పూడిక పడినట్లు రక్తనాళంలో కొవ్వు పేరుకుంటుంది, ఒకనాటికి దారి మూసుకుపోతుంది అని. ఇది అబద్ధం కాదు, కాని సగం నిజము. రక్తనాళం మట్టిగొట్టం కాదు, ప్రాణమున్న వస్తువు. చెడ్డ కొలెస్టరాల్ దాని గోడలోకి చొరబడితే, శరీరం దానిని శత్రువుగా ఎంచి తెల్లకణాలను పంపుతుంది. అవి కొవ్వును మింగి, ఉబ్బి, బయటికి పోలేక అక్కడే చస్తాయి. వాటిని ఎత్తిపోయడానికి మరికొన్ని వస్తాయి. గోడలోపల ఒక కురుపు వంటిది తయారవుతుంది. ఆ కురుపుపైన ఉన్న పలుచని పొర ఒకనాడు చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి నాళాన్ని మూసివేస్తుంది. నిన్నటిదాకా హాయిగా నడిచిన మనిషి ఇవాళ ఉన్నట్లుండి కూలిపోవడానికి చాలాసార్లు కారణమిదే.

ఈ కురుపు సంగతి కొత్తగా కనిపెట్టినది కాదు. జర్మనీ దేశపు రుడాల్ఫ్ విర్కో అనే మహా వైద్యుడు 1850లలోనే ధమనుల గోడలో వాపు లక్షణాలున్నవని చెప్పినాడు. ఆ మాట చాలాకాలం వెనుకబడి, కొలెస్టరాల్ మాట ముందుకు వచ్చింది. 1999లో అమెరికాలో రస్సెల్ రాస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ధమనుల జబ్బు వాపుజబ్బే అని గట్టిగా వ్రాసిన తరువాత అందరి చూపూ మళ్ళీ ఇటు తిరిగింది.

వాపు అంటే ఏమిటి? వైద్యులు శోథ అంటారు. కాలిలో ముల్లు విరిగితే ఏమవుతుందో అదే. ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, నొప్పి పెడుతుంది. ఈ నాలుగు లక్షణాలను రోము నగరపు సెల్సస్ సుమారు 2000 సంవత్సరాల క్రిందటనే వ్రాసి ఉంచినాడు. ముల్లు పోగానే వాపు తీసిపోతే అది మన రక్షణ. ముల్లు పోకుండా, వాపు తీయకుండా ఏండ్ల తరబడి లోలోపల రగులుతుంటే అది జబ్బు. ఇంటికి కావలివాడు అవసరమే, కాని కావలివాడు రాత్రింబగళ్ళు కర్ర తిప్పుతుంటే ఇంట్లో కుండలు మిగలవు.

అయితే ఒక సందేహం. పొగ ఉన్నచోట నిప్పున్నది నిజమే. కాని వాపు నిప్పా, పొగా? అంటే జబ్బుకు కారణమా, లేక జబ్బు వెంట వచ్చే గుర్తు మాత్రమేనా? రక్తంలో సి.ఆర్.పి. అనే పదార్థాన్ని కొలిచి లోపలి వాపు ఎంతో అంచనా కట్టవచ్చును. అది ఎక్కువగా ఉన్నవారికి గుండెపోట్లు ఎక్కువని బోస్టన్ నగరపు పాల్ రిడ్కర్, ఆయన తోటివారు 1997లో చూపినారు. కాని అంతమాత్రాన కారణమని తేలదు. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు కొవ్వునూ తగ్గిస్తాయి, వాపునూ తగ్గిస్తాయి. కనుక మేలు దేనివల్ల వచ్చిందో చెప్పలేము. కొవ్వును ముట్టకుండా వాపును మాత్రమే తగ్గించే మందుతో పరీక్షించాలి.

ఆ పరీక్ష 2017లో ముగిసింది. అంతకుముందు గుండెపోటు వచ్చి, సి.ఆర్.పి. ఎక్కువగా ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. కొందరికి కనకినుమాబ్ అనే మందును మూడు నెలలకొక సూదిగా ఇచ్చినారు. కొందరికి మందులేని ఉత్తుత్తి సూది. ఎవరికి ఏది వేసినారో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. మందులో మధ్య మోతాదు పొందినవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గినవి. కొలెస్టరాల్ మాత్రం తగ్గలేదు. వాపు పొగ కాదు, నిప్పేనని తేలినట్లే.

ఇది ఆదాయము. ఇక వ్యయము వినండి. కావలివాని చేతి కర్ర లాగేసుకుంటే దొంగలు వస్తారు గదా! మందు వేసుకున్నవారిలో అంటురోగాలతో చనిపోయినవారు ఎక్కువైనారు. మొత్తం మరణాల లెక్క వేస్తే రెండు పక్షాలకూ తేడా కనబడలేదు. పైగా అది మిక్కిలి ఖరీదైన మందు. 2018లో అమెరికా ఔషధశాఖ దానిని గుండెజబ్బుకు అనుమతించలేదు. ఆ ఏడే 4,786 మందిపై మెథోట్రెక్సేట్ అనే చౌకమందును పరీక్షించిన ఫలితం కూడా వచ్చింది. దానివల్ల వాపూ తగ్గలేదు, పోట్లూ తగ్గలేదు. వాపును తగ్గించే మందులన్నీ ఒక్కటి కావన్నమాట.

ఇప్పుడు మన ముంగిటి సంగతి ఒకటి. ఈ తమిళనాడులో కార్తీకమాసం ముందు కంచెలమీద అగ్నిజ్వాలలాగా ఎరుపూ పసుపూ కలిసి పూచే తీగపువ్వును మీరందరూ చూసే ఉంటారు. ఇక్కడివారు సెంగాందళ్ అంటారు. ఈ రాష్ట్రపు పువ్వు అదే. మన తెలుగులో అడవినాభి, అగ్నిశిఖ అంటారు. కరూరు, దిండిగల్, తిరుప్పూరు జిల్లాలలో రైతులు దీనిని పందిరి వేసి సాగుచేసి విత్తనాలు అమ్ముతారు. ఆ విత్తనాలలో ఉన్నది కొల్చిసిన్ అనే మందు. గౌట్ అనే కీళ్ళనొప్పికి ఎంతోకాలంగా వాడుతున్నారు. చౌకమందు, వాపును తగ్గించే మందు. గుండెకు పనికివస్తుందేమో చూద్దామని రోజుకు అర మిల్లీగ్రాము చొప్పున ఇచ్చి చూసినారు.

2019లో కెనడా వైద్యులు ఫలితం చెప్పినారు. గుండెపోటు వచ్చిన నెలలోపల మొదలుపెట్టిన 4,745 మందిలో, మందు తీసుకున్నవారికి 5.5 శాతం, తీసుకోనివారికి 7.1 శాతం మళ్ళీ ఆపదలు వచ్చినవి. 2020లో ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ దేశాలలో జబ్బు నిలకడగా ఉన్న 5,522 మందిలో 6.8 శాతం, 9.6 శాతం. 2023లో అమెరికాలో గుండెజబ్బుకు అనుమతి కూడా వచ్చింది. ఇక తిరుగులేదనుకుంటుండగా 2024లో 7,062 మంది గుండెపోటు రోగులపై జరిపిన పెద్ద పరీక్షలో 9.1 శాతం, 9.3 శాతం వచ్చింది. అనగా మేలేమీ కనబడలేదు. ఎవరికి, ఎప్పుడు ఇస్తే పనిచేస్తుందో వైద్యలోకం ఇంకా తర్కించుకుంటూనే ఉన్నది.

ఒక్క హెచ్చరిక. ఈ మాట విని ఎవరూ కంచెమీది తీగ జోలికి పోవద్దు. ఆ మొక్కంతా విషమే, దుంప మరీ విషము. మందుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. మూత్రపిండాల జబ్బున్నవారికి మాత్ర కూడా ప్రమాదమే. వైద్యుడు చెప్పకుండా ముట్టకూడదు.

ఇంతవరకు పోటు రాకుండా చూసుకునే మాట. వచ్చి, కండ చచ్చిపోయిన తరువాత ఏమిటి? మన అన్నగారి ప్రశ్న అది. పెద్ద గుండెపోటులో 100 కోట్ల వరకు కండకణాలు చచ్చిపోతాయని అంచనా. వాటి స్థానంలో మచ్చ ఏర్పడుతుంది. మచ్చ గుండెను చినిగిపోకుండా పట్టి ఉంచుతుంది గాని కొట్టుకోలేదు. చర్మం తెగితే మళ్ళీ వస్తుంది, గోరు ఊడితే మళ్ళీ వస్తుంది. గుండె కండ ఎందుకు రాదు?

కొంచెం వస్తుంది. దీనిని తెలుసుకున్న విధానం విచిత్రమైనది. 1963లో ఒడంబడిక కుదిరేవరకు అగ్రరాజ్యాలు గాలిలో పేల్చిన అణుబాంబులవల్ల ఆకాశంలో కార్బన్-14 అనే పదార్థం పెరిగిపోయింది. అది పంటలోకి, తిండిలోకి, తిన్నవారి కణాలలోకి చేరింది. ఒక్కొక్క కణంలో అది ఎంత ఉన్నదో చూసి, ఆ కణం ఏ కాలంలో పుట్టినదో చెప్పవచ్చును. స్టాక్‌హోమ్ నగరంలో యోనాస్ ఫ్రిసెన్ బృందం 2009లో ఈ లెక్కతో తేల్చినది ఏమంటే, 25 ఏండ్ల వయసులో గుండె కండకణాలలో ఏటా నూటికి ఒకటి కొత్తగా వస్తుంది. 75 ఏండ్లకు అది నూటికి అర కంటె తక్కువ. చంపడానికి పట్టిన బాంబు ఈ విధంగానైనా ఉపయోగపడింది. కాని ఏటికి ఒక శాతం చేరితే 100 కోట్ల నష్టం ఎప్పటికి పూడుతుంది?

అందుకే మూలకణాలమీద ఆశ. మూలకణమంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని కణము. ఎముకలోని మూలుగలో ఉండే మూలకణాలు జీవితాంతం రక్తాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. రక్త క్యాన్సరుకు మూలుగ మార్పిడి నిజమైన వైద్యము, ఎందరినో బ్రతికించింది. మరి ఆ కణాలనే గుండెలో నాటితే గుండె కండగా మారవా? మారినవని 2001లో అమెరికాలో డొనాల్డ్ ఓర్లిక్, పియెరో అన్వర్సా మొదలైనవారు ఎలుకలమీద ప్రయోగం చేసి ప్రకటించినారు. ప్రపంచమంతా ఉప్పొంగిపోయింది. ఎలుకలో చూసినది నిలకడమీద తేలకముందే మనుషులలో పరీక్షలు మొదలైనవి.

2004లో మరి రెండు ప్రయోగశాలలవారు అదే ప్రయోగం చేసి చూస్తే, మూలుగ కణాలు గుండె కండగా మారడమే కనబడలేదు. 2006లో ఒకే పత్రిక, ఒకే సంచికలో జర్మనీవారు కొద్ది మేలున్నదన్నారు, నార్వేవారు ఏమీ లేదన్నారు. అన్వర్సాగారి ప్రయోగశాల తరువాతి కాలంలో గుండెలోనే సొంత మూలకణాలున్నవని ఎన్నో వ్యాసాలు వ్రాసింది. ఆ ప్రయోగశాల వ్యాసాలలో 31 ఉపసంహరించదగినవని, వాటిలో తప్పుడు లేక కల్పిత వివరాలున్నవని 2018లో హార్వర్డ్ వైద్య కళాశాల, దాని అనుబంధ వైద్యశాల స్వయంగా పత్రికలకు తెలియజేసినవి. మరణాలు తగ్గుతాయా అని తేల్చడానికి ఐరోపాలో 3,000 మందితో తలపెట్టిన పరీక్షకు 375 మందే చేరినారు. 2020లో వచ్చిన ఆ ఫలితంలో రెండేండ్లలో చనిపోయినవారు కణాలు పొందినవారిలో 3.26 శాతం, పొందనివారిలో 3.82 శాతం. ఆ కొద్దిమందితో ఏమీ తేలదని వారే చెప్పుకున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలింది. కణాలు కండగా మారకపోతే, కొన్ని ప్రయోగాలలో గుండె కొంచెమైనా ఎందుకు మెరుగుపడింది? 2019 చివర సిన్సినాటి నగరంలో జెఫరీ మొల్కెంటిన్ బృందం ఎలుకలలో దీనిని శోధించింది. గాయపడిన గుండెలోకి బ్రతికిన మూలకణాలు ఎక్కించి చూసినారు, మెరుగుపడింది. చచ్చిన కణాలు ఎక్కించినారు, మెరుగుపడింది. కణాలే లేకుండా ఈస్టు పైపొర నుండి తీసిన ఒక రసాయనం ఎక్కించినారు; అప్పుడూ మెరుగుపడింది! కణాలు మొలవడంవల్ల కాదు, సూదివల్ల అక్కడ పుట్టిన వాపువల్ల ఈ మేలు కలిగింది. వాపు విని కొన్ని తెల్లకణాలు వచ్చి మచ్చను సరిచేసి గట్టిపరచినవి. ఆ తెల్లకణాలను అణచివేస్తే మేలు కూడా పోయింది.

వాపును చూసి బలుపనుకున్నాడని మనలో సామెత. దాదాపు ఇరవై ఏండ్లపాటు మహామహులు చేసినది అదే. కాని సామెత ఇక్కడ అడ్డం కూడా తిరిగింది. ఆ వాపే కొంత బలాన్ని ఇచ్చింది! ధమని గోడలో చేరి మనిషిని పడగొట్టిన తెల్లకణాలే, సమయానికి సరైన తీరున వస్తే, గుండెను నిలబెట్టగలవు. పుట్టిన మరునాటి ఎలుకపిల్ల గుండెను కొంచెం కత్తిరించినా మళ్ళీ పెరుగుతుందని 2011లో డల్లస్ నగరంలో కనుగొన్నారు. వారం దాటితే ఆ శక్తి పోతుంది. ఆ పసిపిల్లలలో కూడా తెల్లకణాలను తీసివేస్తే గుండె పెరగదు, మచ్చే మిగులుతుందని 2014లో తేలింది. అందుచేత ఇప్పటి పరిశోధకుల ప్రశ్న మారింది. వాపును చంపడమెట్లా అని కాక, ఎప్పుడు రానివ్వాలి, ఎప్పుడు పంపివేయాలి అని అడుగుతున్నారు.

ఆశ వదలవలసిన పని లేదు. 2023లో గుండె బలహీనపడిన 565 మందిపై జరిగిన మూలకణాల పరీక్ష తన ముఖ్యోద్దేశంలో నెగ్గలేదు. కాని కణాలు పొందినవారిలో, ముఖ్యంగా సి.ఆర్.పి. ఎక్కువున్నవారిలో, గుండెపోట్లూ పక్షవాతాలూ తగ్గినట్లు కనబడింది. మరొక పరీక్షలో నిలిస్తేగాని నమ్మరాదు. మామూలు చర్మకణాన్ని మూలకణంగా మార్చే విద్యను 2006లో జపాను దేశపు షిన్యా యమనాకా కనిపెట్టి, 2012లో నోబెల్ బహుమానం పొందినాడు. ఆ విద్యతో నిజమైన గుండె కండను ప్రయోగశాలలో పెంచి, అతుకువలె గుండెమీద కుట్టే ప్రయత్నాన్ని జర్మనీలో గోటింగెన్ నగరపువారు కోతులలో చేసి, ఒక రోగిలో కూడా చేసి, 2025లో ప్రకటించినారు. ఇది నేలను దున్ని విత్తడం. పంట చేతికి రావడానికి కాలం పట్టును.

ఇక మన దేశపు మాట. 2017లో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తసంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలుగ కణాల మార్పిడి తప్ప తక్కిన మూలకణ చికిత్సలన్నీ పరిశోధనలే. వాటిని అనుమతి పొందిన పరీక్షగా చేయవచ్చునే గాని డబ్బు తీసుకుని వైద్యంగా అమ్మకూడదు. కనుక ఎవరైనా కాగితం చేతికిస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఇది దేశపు పరీక్షల పట్టికలో నమోదైనదా, ఆ సంఖ్య ఏమిటి? మందు పొందినవారిని పొందనివారితో పోల్చి చూసినారా? పరీక్షయితే రోగి చేత డబ్బు ఎందుకు కట్టిస్తున్నారు? పంచాంగంలో ఆదాయంతోపాటు వ్యయం కూడా చదువుతాము గదా! ఒక్క ఆదాయమే చదివే పంచాంగాన్ని నమ్మవద్దు.

చేతిలో ఉన్న వైద్యాన్ని మాత్రం వదలవద్దు. ఛాతీలో బిగువు, ఎడమచేతికి లాగడం, చెమటలు, కారణం లేని ఆయాసం కలిగితే కషాయాలతో ప్రొద్దు పుచ్చక 108కు ఫోను చేయండి. గడ్డను ఎంత త్వరగా కరిగించినా, తొలగించినా అంత కండ మిగులుతుంది. చచ్చిన కండను మొలిపించే మందు లేదు గాని, చావకుండా కాపాడే గంటలున్నవి. రక్తపోటు, చక్కెర కొలిపించుకోండి. వైద్యుడిచ్చిన స్టాటిన్ మాత్రను ఒళ్ళు బాగున్నదని మానవద్దు. పొగాకు, అది చుట్టైనా బీడీ అయినా నమిలేదైనా, ఈ ఉగాదితో వదలండి. గుండెపోటు వచ్చినవారికి ఫ్లూ టీకా వేస్తే మరణాలు తగ్గినవని 2021లో ఒక మంచి పరీక్ష చూపింది. వాపుకు ముల్లు గుచ్చుకోకుండా చూడటం కూడా వైద్యమే.

ఇక అమ్మాయీ, నీవు వెనుక వరుసలో కూర్చున్నావని మాకు తెలుసును. నీవడిగినదానికి జవాబు ఇది. ఆ సూదితో గుండె మొలుస్తుందని ఆ కాగితం చెప్పినది నిజం కాదు. ఆ విధమైన సూదులతో మనుషుల ఆయువు పెరిగిందని ఇంతవరకు ఏ పెద్ద పరీక్షా తేల్చలేదు. మీ నాయన ఒక అవకాశాన్ని పోగొట్టుకోలేదు. ఆయనకు అమ్మజూపినది అవకాశం కాదు. ఆయన ఆ స్థలాన్ని నీ కూతురి చదువుకని ఉంచినారు. ఆనాడు వద్దని చెప్పినందుకు మేము ఎన్నో రాత్రులు ఆలోచించినాము. చదివినదంతా మళ్ళీ చదివి చూసినాము. ఈనాడు అడిగినా వద్దనే చెప్తాము. కాని ఆనాడు ఒక్క మాటలో వద్దని పంపివేసినాము. కూర్చోబెట్టి కారణం చెప్పవలసి ఉండింది. ఆ లోటు మాది. ఈ సభలో అది కొంతైనా తీరితే ధన్యులము.

అందరికీ ఆదాయం హెచ్చు, వ్యయం తక్కువ అగుగాక. నూతన సంవత్సర శుభాకాంక్షలు.